లాభం, రెండు, మూడు... తేరా

ఈసారి కార్తీక పౌర్ణమి పొద్దున మా బంధువుల వాట్సాప్ గ్రూపులో నాలుగు "గురునానక్ జయంతి శుభాకాంక్షలు" వచ్చాయి. అందులో రెండింటి మీద ఉన్న బొమ్మ గురునానక్‌ది కాదు. చేతి మీద డేగ, నడుముకు కత్తి, తలపాగాకు కలికితురాయి. ఆయన గురుగోవింద్ సింగ్, పదో గురువు, నాందేడ్‌లో దేహం చాలించిన మహానుభావుడు. ఇద్దరి మధ్యా దాదాపు రెండు వందల ఏళ్ళ దూరం. ఆ మాటే రాస్తే మా మేనల్లుడు బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. సెలవు వచ్చింది కదా, ఎవరి బొమ్మ అయితేనేం అనుకున్నాడేమో.

అదే రోజు సాయంత్రం గుడికి వెళ్ళాం. ఉసిరి చెట్టు కింద నిలబడే చోటు లేదు. కొట్లో కట్టలు కట్టి అమ్మే 365 వత్తులు, నెయ్యిలో ముంచి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టినవి, అందరి చేతుల్లోనూ అవే. నా వెనక నిలబడ్డ ఆవిడ పక్కావిడతో అంటోంది: "ఏడాదంతా దీపం పెట్టకపోయినా ఈ ఒక్క కట్ట వెలిగిస్తే సరిపోతుందట వదినా, లెక్క తీరిపోతుంది." ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో పనిచేసినవాణ్ణి కనుక నాకు వెంటనే తట్టిన మాట వన్ టైమ్ సెటిల్‌మెంట్. ఏళ్ళ తరబడి కట్టని బాకీని ఒక్క రోజు వచ్చి, ఎంతో కొంత కట్టి, రసీదు తీసుకుని వెళ్ళిపోవడం.

ఆ దీపాన్ని తప్పుపట్టడం లేదు. మా అమ్మ కార్తీకంలో తెల్లవారుజామున వణుకుతూ అరటిదొప్పలో పెట్టి వదిలిన దీపం వెనకే నా కళ్ళు ఇప్పటికీ పోతుంటాయి. నన్ను గుచ్చింది దీపం కాదు, "లెక్క తీరిపోతుంది" అన్న మాట. దేవుడితో మనకున్న లెక్క ఎక్కడ తీరుతుంది? అదీ ఈ రోజున! లెక్కలు రాసే ఇంట్లో పుట్టి, లెక్కపెట్టడమే ఉద్యోగంగా చేసి, ఒక అంకె దగ్గర ఆగిపోయిన మనిషి పుట్టినరోజున!

(జనమసాఖీలు అంటే ఆయన జీవితగాథలు. వాటిలో కొన్ని ఆయన పుట్టింది వైశాఖంలో అంటాయి. లోకం మాత్రం కార్తీక పౌర్ణమినే పట్టుకుంది. నాకు పేచీ లేదు. నిండు చంద్రుడు ఆయనకు బాగానే నప్పుతాడు.)

నానక్ తండ్రి మెహతా కాలూ పంజాబ్‌లోని తల్వండిలో పట్వారీ. మా తెలంగాణలో ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు, ఆంధ్రలో కరణం అనుకోండి. చిట్టాలు, ఖాతాలు, శిస్తులు. ఆ ఇంటి కొడుక్కి అంకె రాకపోవడం ఉండదు. ఇరవై రూపాయలిచ్చి వ్యాపారం చేసుకు రమ్మంటే ఆకలితో ఉన్న సాధువులకు అన్నం పెట్టి వచ్చాడు, తండ్రి చెయ్యి చేసుకున్నాడు. అది మీకు తెలిసిందే. ఆ తర్వాత అక్క బేబే నానకీ, బావ జైరాం కలిసి సుల్తాన్‌పూర్ లోధీకి పిలిపించి నవాబు దౌలత్ ఖాన్ మోదీఖానాలో కుదిర్చారు. మోదీఖానా అంటే ధాన్యపు కొట్టు. రోజంతా తూచి పొయ్యడం, రాసుకోవడం. ఇరవై రూపాయల లెక్క చెప్పలేనివాణ్ణి తీసుకెళ్ళి తక్కెడ ముందు కూర్చోబెట్టారన్నమాట! ఆ రోజుల్లో ఆయన వాడారని చెప్పే తూకపు రాళ్ళు ఇప్పటికీ సుల్తాన్‌పూర్ హట్ సాహిబ్ గురుద్వారాలో భద్రంగా ఉన్నాయి. హట్ అంటే కొట్టు. కొట్టును గుడి చేసిన చోటు అది.

అక్కడ తూస్తున్నారు. ఇక్, దో, తిన్... దస్, గ్యారా, బారా, తేరాఁ. పంజాబీలో పదమూడు అనేటప్పుడు చివర కాస్త ముక్కుతో పలుకుతారు. ఆ ముక్కుపలుకు ఒక్కటి తీసేస్తే తేరా. నీది. అంతే, ఆ అంకె దాటలేదు. తేరా... తేరా... తేరా. చెయ్యి పోస్తూనే ఉంది, ధాన్యం పోతూనే ఉంది, నోట్లో అంకె మాత్రం అక్కడే నిలిచిపోయింది.

ఇక్కడి దాకా పిల్లల బొమ్మల పుస్తకాల్లో కూడా ఉంటుంది. చివర "భక్తి పారవశ్యంలో ప్రపంచాన్ని మరిచిపోయారు" అని ఒక వాక్యం రాసి పేజీ తిప్పేస్తారు. ఆ వాక్యం నాకు ఏనాడూ ఆనలేదు. మరిచిపోయినవాడి చెయ్యి ముందు ఆగుతుంది. ఆయన చెయ్యి ఆగలేదు. ఎదురుగా సంచి పట్టుకున్న మనిషి కనిపిస్తూనే ఉన్నాడు, అతని సంచి నిండుతూనే ఉంది. ఆగింది అంకె ఒక్కటే. మన పద్ధతి దీనికి సరిగ్గా తలకిందులు. చెయ్యి ఎప్పుడో ఆగిపోతుంది, అంకె మాత్రం పెరుగుతూ ఉంటుంది. లక్ష వత్తులు, కోటి నామాలు, నూటెనిమిది ప్రదక్షిణలు. ఈ మధ్య వేలికి ఉంగరంలా తొడుక్కునే కౌంటర్ వచ్చింది, నొక్కితే జపం ఒకటి పెరుగుతుంది. సీరియల్ చూస్తూ కూడా నొక్కొచ్చు.

ఆ సుల్తాన్‌పూర్‌లోనే జరిగిన ఇంకో సంగతి గుర్తు చేసుకోండి. నవాబు, ఖాజీ ఇద్దరూ నమాజు చేస్తుంటే బాబా నానక్ పక్కన నిలబడి చూస్తూ ఉన్నారట. మాతో కలిసి ఎందుకు చెయ్యలేదని వాళ్ళు అడిగితే, మీరు మాత్రం ఇక్కడెక్కడున్నారు అన్నారట. ఖాజీ మనసు ఇంటి దగ్గర కొత్తగా పుట్టిన గుర్రప్పిల్ల బావిలో పడుతుందేమోనన్న బెంగలో ఉంది. నవాబు మనసు కాబూల్‌లో గుర్రాల బేరంలో ఉంది. ఇద్దరూ వంగినవి లెక్క ప్రకారమే వంగారు. తప్పిపోయింది మనసొక్కటే.

ఇప్పుడు మన లెక్క దగ్గరికి వస్తాను. మన కళ్ళాల్లో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు. ఏడు అనడానికీ జంకుతారు, అందులో ఏడుపు వినబడుతుందని. ఆరున్నొకటి అని, ఎనిమిదిలోకి వెళ్ళిపోతారు. చిన్నప్పుడు ఇది వినడానికి పాటలా ఉండేది. ఆ పాటను నేనూ పాడాను. ఎలా పాడానో చెప్పకుండా ఈ వ్యాసం రాయడం నాకు న్యాయం అనిపించలేదు.

మాది జహీరాబాద్ వైపు. ఎనిమిదో తరగతి చదువుతూ సెలవుల్లో ఒక కొట్లో పనికి కుదిరాను. పేరు అక్కర్లేదు, ఆ కొట్టూ లేదు, ఆ సేటూ లేడు. కిలోలు వచ్చి ఏళ్ళయినా అంగడి రోజు చిన్నచిన్న రైతులు తెచ్చే కందులు, పెసలు తవ్వతోనే కొలిచి కొనేవాళ్ళు. కొలిచే పని నాది. సేటు నాకు నేర్పిన మొదటి విద్య తవ్వను నింపడం కాదు, మాట కలపడం. "ఎనిమిది దగ్గర మాట కలుపు పిలగా" అనేవాడు. ఎనిమిదో తవ్వ పోశాక, "ఏం అవ్వా, బిడ్డ పెండ్లి కుదిరిందా?" అనాలి. ఆమె బిడ్డ సంగతి చెప్పడం మొదలుపెడుతుంది. ఆ మాటల మధ్యలో ఇంకో తవ్వ పోసి, తల ఊపుతూ, "ఎనిమిది" అనాలి. అంతే. ఒక తవ్వ సేటుది. రెండో ఎనిమిదికి ఎవరూ కాపలా ఉండరు.

ఒక శనివారం ఒక అవ్వ వచ్చింది. గంపలో కందులు, మీద పాత చీర ముక్క కప్పి. నేను కొలవడం మొదలుపెట్టగానే ఆమె గొంతుక్కూర్చుని, నేను పోసిన ప్రతి తవ్వకూ ఒక కందిగింజ తీసి నేల మీద తన ముందు వరసగా పెట్టుకుంటోంది. నేను చూడలేదు. ఎనిమిది దగ్గర మాట కలిపాను. ఆమె మనవడి జ్వరం గురించి చెప్పింది. చెబుతూనే గింజ పెట్టింది. చివరికి నా లెక్క పందొమ్మిది, ఆమె గింజలు ఇరవై.

సేటు నవ్వాడు. "సదువు లేదు, లెక్క తప్పినవ్ అవ్వా."

ఆమె అతని వైపు చూడలేదు. నా వైపు చూసింది. "నువ్వు జెప్పు బిడ్డా. నీ చేతులతోనే గదా కొలిచినవ్."

పందొమ్మిది అన్నాను.

ఆమె ఇంకేం అనలేదు. ఇచ్చిన డబ్బు కొంగున ముడేసుకుంది. తర్వాత ఆ ఇరవై గింజలనూ ఒక్కొక్కటే నేల మీది నుంచి ఏరుకుంది. ఒక గింజ మట్టిలో కూరుకుపోతే గోటితో తవ్వి తీసింది. అవి ఇంకో ముడిలో కట్టుకుని, ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు సేటు నాకు బెల్లం ముక్క పెట్టాడు. తిన్నాను కూడా.

ఆ తర్వాత పాతికేళ్ళకు, 1998లో అనుకుంటా, ఆఫీసు పని మీద బీదర్ వెళ్ళి నానక్ ఝీరా చూడటానికి ఆగాను. కొండ పక్క రాళ్ళలోంచి వచ్చే ఊట. ఉప్పునీళ్ళ ఊళ్ళో బాబా పాదం తాకిన చోట తియ్యటి నీళ్ళు ఉబికాయని చెబుతారు. ఆ నీళ్ళు తాగి, తలకు రుమాలు కట్టుకుని అక్కడి గురుద్వారా లంగరులో, వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టే పంక్తిలో, కూర్చున్నాను. నా పక్కన ఒక ముసలి సర్దార్, లారీ డ్రైవర్. నాందేడ్ వెళ్తూ ఆగాడు. నేను బ్యాంకులో లెక్కలు రాస్తానని చెప్పగానే నవ్వి, మా బాబా కూడా ఆ పనే చేశాడు అని మొదలుపెట్టాడు. స్టీలు గ్లాసు చేతిలోకి తీసుకుని గాల్లో ముంచి పోస్తూ, బారా దాకా గబగబా వచ్చాడు. తేరాఁ దగ్గర గొంతు తగ్గింది. తేరా, తేరా, తేరా అంటూ ఆ ఖాళీ గ్లాసును నా పళ్ళెం మీద వంచుతూనే ఉన్నాడు. రెండు కళ్ళూ మూసుకుపోయాయి.

నాకు గొంతులో రొట్టె దిగలేదు. ఒకే అంకెను రెండుసార్లు చెప్పడం! నేను చేసిందీ అదే, ఆయన చేసిందీ అదే. చేతిలో కొలపాత్ర ఉంది, ఎదురుగా పేదమనిషి ఉంది, అంకె ముందుకు పోకుండా ఆగింది. నా ఎనిమిది ఆగితే ఒక తవ్వ అవ్వ గంపలోంచి పోయింది. ఆయన పదమూడు ఆగితే కొట్టంతా ఎదుటివాడి సంచిలోకి పోయింది. తెలుగులో కొసరు అని ఒక మంచి మాట ఉంది. కొలత అయ్యాక, పోనీలే అని చేతినిండా ఇంకాస్త వేసేది. ఆయన దగ్గర పదమూడు తర్వాత పోసినదంతా కొసరే.

లేచి వెళ్ళి హుండీలో అయిదు వందలు వేశాను. ఆ రోజుల్లో అది నాకు చిన్న మొత్తం కాదు. మనసు తేలిక పడింది. బస్సెక్కి సగం దూరం వచ్చాక తెలిసింది నేనేం చేశానో. ఒక తవ్వ కందుల బాకీకి వడ్డీతో సహా సెటిల్‌మెంట్ చేసుకున్నాను, అదీ బాకీ లేనివాళ్ళ దగ్గర. ఆ 365 వత్తుల ఆవిడను చూసి నేను నవ్వడానికి లేదు. ఆవిడ కనీసం బాకీ ఉన్న చోటే కట్టింది.

సరే, నా గోల ఆపి బాబా మాటల్లోకి వెళ్దాం. సుల్తాన్‌పూర్ కొట్టు వదిలేశాక కూడా ఆ తక్కెడ ఆయన్ను వదల్లేదు. సూహీ రాగంలో ఆయన శబద్, అంటే కీర్తన, ఒకటి ఉంది. మొదలే ఇలా ఉంటుంది: కఉణు తరాజీ, కవణు తులా, తేరా కవణు సరాఫు బులావా. నిన్ను తూచడానికి ఏ తరాజు తేను, ఏ రాయి వెయ్యను, నీ విలువ కట్టడానికి ఏ సరాఫును పిలవను? చూడండి, తరాజు, తులం, సరాఫు, ఇవి కొట్లో కూర్చున్నవాడి మాటలు. అడవిలో తపస్సు చేసుకున్నవాడికి దేవుణ్ణి తలుచుకుంటే తరాజు గుర్తురాదు. ఇన్నేళ్ళు ఎదుటివాడి సంచిలోకి తూచి పోసినవాడికే, ఒక రోజు హఠాత్తుగా, నిన్నెలా తూచను అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నలోనే ఎంత ప్రేమ ఉందో!

జవాబు కూడా కొట్టు భాషలోనే ఇచ్చారు. మను తారాజీ, చితు తులా, తేరీ సేవ సరాఫు కమావా. మనసే తరాజు. చిత్తమే తూకపు రాయి. నీ సేవే సరాఫు. తక్కెడ బయట లేదు, లోపలికి వచ్చేసింది. ఆ తర్వాతి మెట్టు ఇంకా లోతు: ఆపే కండా, తోలు, తరాజీ, ఆపే తోలణహారా. తక్కెడ ముల్లూ ఆయనే, తూకమూ ఆయనే, తరాజూ ఆయనే, తూచేవాడూ ఆయనే.

దీని మీద ఒక్క క్షణం ఆగండి. తక్కెడ చూసినవాళ్ళకు ముల్లు తెలుసు. రెండు పళ్ళేలూ సమంగా నిలిచాయో లేదో చెప్పేది అదే. మోసం చేసేవాడి కన్ను ఎప్పుడూ దాని మీదే ఉంటుంది. పళ్ళెం అడుగున చింతపండు ముద్ద అంటించినా, బొటనవేలు ఆనించినా అదంతా దాన్ని ఏమార్చడానికే. ఇప్పుడు బాబా చెబుతున్నారు, ఆ ముల్లు ఆయన. అంటే మనం కాటా కొట్టిన ప్రతిసారీ వేలు పెట్టి వంచింది ఎవర్ని? నేను రెండో ఎనిమిది అన్నప్పుడు తల వంచుకు నిలబడింది ఎవరు? నేను ఈ పాదం చదివిన రోజు చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

లెక్క మీద జప్‌జీలో, అంటే సిక్కులు పొద్దున్నే చదువుకునే ఆయన ప్రార్థనలో, ఒక మాట ఉంది, ఇరవై రెండో పౌడీలో. పౌడీ అంటే మెట్టు, ఒక చరణం అనుకోండి. పాతాళాల కింద పాతాళాలు, ఆకాశాల మీద ఆకాశాలు, వెతికి వెతికి అందరూ అలిసిపోయారని చెప్పి, లేఖా హోయ్ తా లిఖియై, లేఖై హోయ్ విణాస్ అంటారు. లెక్క అంటూ ఉంటే కదా రాయడానికి. రాస్తూ రాస్తూ లెక్కే అయిపోతుంది. లేఖా, లెక్క, రెండూ ఒకే ఇంటి మాటల్లా వినిపిస్తాయి నాకు. పట్వారీ కొడుకు కాక ఇంకెవరు చెప్పగలరు ఈ మాట? ఎక్కడ చిట్టా పనికొస్తుందో, ఎక్కడ మూసెయ్యాలో లెక్క తెలిసినవాడికే తెలుస్తుంది. అంతకు ముందు పంతొమ్మిదో పౌడీలో ఇంకో విచిత్రం ఉంది. ముందు రెండు పౌడీల నిండా అసంఖ్, అసంఖ్ అని పాడుకుంటూ వచ్చి, హఠాత్తుగా ఆగి, అసంఖ్ కహహి సిరి భారు హోఇ అంటారు. లెక్కలేనన్ని అన్నా కూడా అది నెత్తి మీద బరువే. లెక్కలేనన్ని అనడంలోనూ లెక్కపెట్టాలని చూసి ఓడిపోయిన గర్వం ఉంటుంది కాబోలు.

ఇంకొకటి చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైనది. సిక్కుల పవిత్ర గ్రంథం గురుగ్రంథ్ సాహిబ్ 1430 పేజీలు. తెరవగానే మొదట కనిపించేది అక్షరం కాదు, అంకె. ఇక్ ఓంకార్, అంటే దేవుడు ఒక్కడే, అన్న మాటలో ఇక్ అని అక్షరాల్లో రాయరు, 1 అని అంకె వేస్తారు. అంత పెద్ద గ్రంథం అంకెతో మొదలవుతుంది. మనం కళ్ళంలో నోటితో పలకడానికి జంకి, లాభం అని పేరు మార్చి దాటేసే ఆ ఒకటి. లాభం అని మొదలుపెట్టినవాడి లెక్క ఎంత దూరం పోయినా తన గోదాము దగ్గరే తేలుతుంది. 1 అని మొదలుపెట్టినవాడు పదమూడు చేరేసరికే నీది అనేశాడు. మధ్యలో ఉన్నది పన్నెండు అంకెల దూరం, అంతే. నేను అరవై దాటాను, ఇంకా రెండు దగ్గరే ఉన్నాను.

కొట్లో సరుకంతా ఇలా పంచిపెడుతున్నాడని నవాబుకు ఫిర్యాదులు వెళ్ళాయి. తనిఖీ జరిగింది. లెక్కలు విప్పి చూస్తే లోటు లేకపోగా నానక్‌కే బాకీ తేలిందని జనమసాఖీలు చెబుతాయి. మన గోపన్న గారి లెక్క తేలక పన్నెండేళ్ళు గోల్కొండ చెరలో ఉన్నారు. ఇక్కడ తేలింది. భక్తుల్ని రాముడు ఒక్కొక్కర్ని ఒక్కోలా చూసుకుంటాడు, మనం తర్కించలేం. బ్యాంకు మనిషిగా నాకు మాత్రం ఈ తనిఖీ ఘట్టమంటే మహా ఇష్టం. తేరా తేరా అన్నవాడు ఖాతా పుస్తకం రాయడం మానలేదు. దేవుడి పేరు చెప్పి నవాబు సొమ్ము తినలేదు. ఈ రోజుల్లో ట్రస్టులు నడిపేవాళ్ళు కొందరు ఈ భాగం రెండుసార్లు చదువుకుంటే మంచిది.

ఎందుకంటే పరాయి సొత్తు విషయంలో బాబా మాట చాలా కటువుగా ఉంటుంది. ఎదుటివాడి హక్కును తినడం ఒకడికి పంది మాంసంతో సమానం, ఇంకొకడికి గోమాంసంతో సమానం అన్నారు. రెండు మతాలవాళ్ళకూ వాళ్ళవాళ్ళ భాషలోనే వాత పెట్టారు. ఆ వెంటనే, అలాంటి ముర్దారు, అంటే చచ్చినదాని మాంసం, తిననివాడికే గురువైనా పీరైనా హామీ ఉంటాడు అన్నారు. హామా భరే అని ఉంటుంది అక్కడ. మనం బ్యాంకులో రోజూ వాడే హామీయే. అప్పు ఎగ్గొట్టేవాడికి ష్యూరిటీ సంతకం ఎవరు పెడతారు? గురువు మాత్రం ఎందుకు పెట్టాలి?

ఆయన బెయిన్ నదిలో మునిగి మూడో రోజున లేచి, హిందువూ లేడు ముసల్మానూ లేడు అన్న మాట అందరూ చెబుతారు, పోస్టర్లు వేస్తారు. ఆ మాట అన్నది తక్కెడ ముందు కూర్చుని వచ్చినవాడని మాత్రం ఎవరూ చెప్పరు. సంచి పట్టుకుని నిలబడ్డవాడు ఎవరో చూడకుండా తూచడం అలవాటైన మనిషి ఆ మాట అన్నాడు. దేశాలన్నీ తిరిగి వచ్చి చివరికి రావి ఒడ్డున కర్తార్‌పూర్‌లో నాగలి పట్టాడు. 1539లో దేహం చాలించేదాకా పండించాడు, వండించాడు, వచ్చినవాణ్ణి పంక్తిలో కూర్చోబెట్టాడు. కష్టపడి తిని, చేతులారా కొంత పెట్టేవాడే దారి తెలిసినవాడు అని పాడినవాడు తను అలాగే బతికాడు. ఆ పొలాలు ఇప్పుడు సరిహద్దుకు అవతల ఉన్నాయి. 2019 నవంబరులో యాత్రికులకు అక్కడికి దారి తెరిచినప్పుడు టీవీలో చూస్తూ నేను చేతులు జోడించాను. మా ఆవిడ "ఎవరికండీ?" అంది. పొలానికి అన్నాను.

కాబట్టి బాబూ, అమ్మా, నేను అడిగేది పెద్దదేం కాదు. జపం చేసుకోండి, మాల తిప్పండి, వత్తులు వెలిగించండి. మాలలో పూస తప్పితే భయపడి మళ్ళీ మొదటికి రాకండి, ఆయన ఏమీ అనుకోడు. కానీ ఇంట్లో పనిచేసే మనిషి రెండు రోజులు రాకపోతే క్యాలెండర్ మీద సున్నాలు చుట్టి జీతం కోస్తారే, ఆ పెన్ను పక్కన పెట్టండి. కూరగాయల ఆవిడ ఎలక్ట్రానిక్ కాంటా మీద పది గ్రాములు తగ్గితే ఇంకో టమాటా వెయ్యమంటారే, ఎక్కువ చూపించినప్పుడు తీసెయ్యమని ఎన్నిసార్లు అన్నారు? అన్నదమ్ముల పంపకాల్లో గజం నేల కోసం టేపు పట్టుకుని నిలబడే చేత్తో సాయంత్రం హారతి కళ్ళకద్దుకుంటున్నాం. మన మెడకాయ మీద తలకాయ ఉన్నన్నాళ్ళూ ఆ ముల్లు మనల్నే చూస్తూ ఉంటుంది. నేను భయపెట్టడం లేదు. నాకు భయమేసి చెబుతున్నాను.

ఆ అవ్వ కోసం తర్వాత వెతికాను. ఊరి పేరు తెలుసు, ఆమె పేరు తెలియదు. జ్వరం వచ్చిన మనవడి గురించి అడిగితే, ఆ ఊళ్ళో ఎవరికి రాలేదు జ్వరం, అని నవ్వారు. ఆ బాకీ అలాగే ఉంది. ఇప్పుడది తీరకపోవడమే నాకు మంచిదనిపిస్తోంది. తీరిపోతే ఆమెను మరిచిపోయేవాణ్ణి.

ప్రతి ఏడూ గురుపురబ్‌కు, అదే గురునానక్ జయంతికి, మేం మా దగ్గర్లోని గురుద్వారా లంగరుకు కొంచెం బియ్యం ఇస్తాం. ఈసారీ పండక్కి రెండు రోజుల ముందు మా ఆవిడ వంటింట్లో నేల మీద కూర్చుని డబ్బాలోంచి సంచిలోకి కొలుస్తోంది. పాత ఇత్తడి తవ్వ, వాళ్ళ అమ్మగారిచ్చింది. నేను గుమ్మం దగ్గర పేపరు చదువుతున్నాను. లాభం, రెండు, మూడు... నెమ్మదిగా సాగుతోంది. పదకొండో తవ్వ పోశాక ఫోన్ మోగింది. అమెరికా నుంచి కూతురు. ఆ మాటలు, ఈ మాటలు, మనవరాలి దగ్గు, అక్కడి చలి. పావుగంట తర్వాత ఫోన్ పెట్టి, తవ్వ చేతిలోకి తీసుకుని సంచిలోకి, డబ్బాలోకి మార్చి మార్చి చూసింది.

"ఎంతదాకా వచ్చానండీ?"

పేపరు దించకుండానే, "ఎనిమిది" అన్నాను.

"తొమ్మిది" అంటూ మళ్ళీ పొయ్యడం మొదలుపెట్టింది.